విశాఖ దాటిన తుపాను, థోరాంగ్ లా మీద మంచు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది విశాఖ, ఉద్యోగం హైదరాబాద్‌లో. అక్టోబరు మూడో వారంలో నలుగురు స్నేహితులం నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్‌కి వెళ్తున్నాం. రానూపోనూ కలిపి తొమ్మిది రోజుల సెలవు దొరికింది. బెసిసహర్ నుంచి జీపులో ఒక్కరోజులో మనాంగ్ చేరి, అక్కడి నుంచి నడిచి, థోరాంగ్ లా కనుమ దాటి ముక్తినాథ్‌లో దిగాలని ప్లాన్. ఎవరి బ్యాగు వాళ్లమే మోసుకుంటాం. ఒక గైడ్‌ని, కొంత సామాను కోసం ఒక పోర్టర్‌ని మాట్లాడుకున్నాం. అక్టోబరు మంచి సీజన్ అని అందరూ అంటున్నారు. మంచు ముందే పడొచ్చని ఒకాయన మాత్రం భయపెట్టాడు. మాలో ఎవరూ మంచులో నడిచినవాళ్లు కాదు. ఏమేం కొనుక్కోవాలి? ఇంకొకటి, అమ్మ హుద్‌హుద్ తుపాను పేరెత్తి వద్దంటోంది. ఆమెకు ఎలా నచ్చజెప్పాలి?

సమాధానం: తమ్ముడూ, ఏమేం కొనాలో తర్వాత చెప్తాను. ముందు మీ అమ్మగారి మాట దగ్గర ఆగుదాం. తెలిసి అన్నారో, కడుపులో భయం కొద్దీ అన్నారో గానీ ఆవిడ అసలు విషయమే పట్టుకున్నారు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తీరం దాటిన రోజు నేను విశాఖలోనే ఉన్నాను. ముందుగదిలో కిటికీ అద్దం పగిలితే, పరుపు నిలబెట్టి దానికి అడ్డం పెట్టి, నాన్నా నేనూ భుజాలు ఆనించి నిలబడ్డాం. గాలి వచ్చినప్పుడల్లా ఆ పరుపు ఊపిరి పీలుస్తున్నట్టు లోపలికీ బయటికీ కదిలేది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. నేపాల్ కబురు మాకు ఆలస్యంగా, పక్కింటివాళ్ల పేపర్లో చదివితే తెలిసింది. మన ఊరిని ఊడ్చేసిన తుపానే ఛత్తీస్‌గఢ్ మీదుగా పైకి వెళ్తూ బలహీనపడి, మిగిలిన తేమనంతా మోసుకెళ్లి హిమాలయం మీద దింపింది. 14వ తేదీన అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల్లో తెరిపి లేకుండా మంచు కురిసింది. కనీసం 43 మంది చనిపోయారు. నేపాలీ గైడ్లు, పోర్టర్లు, ఇజ్రాయెల్, కెనడా, పోలండ్ నుంచి వచ్చిన వాళ్లు, మన దేశం వాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఎంతోమంది పోయింది మీరు దాటబోయే థోరాంగ్ లా చుట్టుపక్కలే. అక్టోబరు నడిమధ్య, ట్రెక్కింగ్‌కి అంతకంటే మంచి రోజులు ఉండవని అందరూ చెప్పే వారంలో అది జరిగింది.

అందుకే నీకు చెప్పే మొదటి పని బంగాళాఖాతాన్ని చూడడం. విశాఖ వాడివి, తుపాను బులెటిన్ చదవడం నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. అక్టోబరు, నవంబరు నెలలు మనకు తుపాన్ల కాలం. సరిగ్గా అవే నేపాల్‌లో ట్రెక్కింగ్ నెలలు. బయల్దేరడానికి పది రోజుల ముందు నుంచీ మన వాతావరణ శాఖ బులెటిన్ రోజూ చూడు. మనాంగ్ చేరాక కూడా వైఫై దొరికినప్పుడల్లా చూడు. నేపాల్ వాతావరణ శాఖ సూచన కూడా పక్కన పెట్టుకో. అల్పపీడనం వాయుగుండంగా మారి, మ్యాపులో దాని దారి ఒడిశా, ఆంధ్ర తీరం దాటి ఉత్తరానికి తిరిగితే, రెండు మూడు రోజుల తర్వాతి తేదీ మీద 'మంచు' అని రాసుకో. అన్ని తుపాన్లూ అంత దూరం వెళ్లవు. కానీ ఏది వెళ్తుందో తేలేదాకా మనాంగ్ దాటి పైకి కదలొద్దు. మనాంగ్ 3,540 మీటర్ల ఎత్తులో ఉంది. లాడ్జీలున్నాయి, తిండి ఉంది, సీజన్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల డాక్టర్లు ఉంటారు. మంచు పడితే కిటికీలోంచి చూస్తూ కూర్చోవడానికి అంతకంటే మంచి చోటు పైన లేదు.

తుపాను లేనంత మాత్రాన మంచు రాదని కూడా అనుకోకు. పడమటి నుంచి వచ్చే గాలివానలు కూడా అక్టోబరులో మంచు తెస్తాయి. 2021 అక్టోబరులో ఉత్తరాఖండ్‌లో సుందర్‌ఢూంగా లోయలో, లమ్‌ఖాగా కనుమ దారిలో ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు చనిపోయింది అలాంటి అకాల మంచులోనే.

ఇక మీ తొమ్మిది రోజుల ప్లాన్. కాగితం మీద లెక్కేసి చూశాను. హైదరాబాద్ నుంచి ఖాట్మండూ ఒకరోజు, అక్కడి నుంచి బెసిసహర్ ఒకరోజు, జీపులో మనాంగ్ ఒకరోజు. మనాంగ్‌లో ఒకరోజు ఆగి, యాక్ ఖర్కా, కనుమ కిందున్న థోరాంగ్ ఫేదీ మీదుగా ఏడో రోజు కనుమ దాటాలి. ఎనిమిదో రోజు పోఖరా, తొమ్మిదో రోజు ఖాట్మండూలో ఫ్లైట్. మధ్యలో ఒక్క పూట కూడా ఖాళీ లేదు. మంచు పడితే ఆగడానికి రోజు లేదు, ఒకరికి తలనొప్పి వస్తే ఆగడానికీ లేదు. ఏడో రోజు తెల్లవారుజామున బయట మంచు పడుతుంటే మీరు ఏం చేస్తారో నాకు తెలుసు. "ఫ్లైట్ మిస్సవుతుంది, ఎలాగోలా దాటేద్దాం" అంటారు. నీకు కనపడుతున్న పెద్ద ప్రమాదం మంచు. నాకు మీ ప్లాన్‌లో కనపడుతున్న పెద్ద ప్రమాదం ఆ రిటర్న్ టికెట్.

సెలవు పన్నెండు, పదమూడు రోజులకు పెంచుకో. రిటర్న్ టికెట్ తేదీ మార్చుకునే వీలున్నది తీసుకో, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. బ్యాగులో మంచుకోసం పెట్టే ఏ వస్తువూ రెండు ఖాళీ రోజులకు సాటి రాదు. సెలవు పెరగదంటే కనుమ వదిలేయండి. మనాంగ్ దాకా వెళ్లి, గంగాపూర్ణ చెరువు చూసి, ఒళ్లు అలవాటు పడ్డాక వాతావరణం బాగుంటే 4,600 మీటర్ల దగ్గరున్న ఐస్ లేక్‌కి ఎక్కి దిగి, వచ్చిన దారినే వెనక్కి రండి. అది తక్కువ యాత్రేమీ కాదు.

జీపు సంగతి కూడా మార్చుకోవాలి. బెసిసహర్ 760 మీటర్లు. అక్కడి నుంచి ఒక్కరోజులో మనాంగ్ అంటే 2,700 మీటర్లకు పైగా ఎక్కేసినట్టు. చామే దగ్గర ఒక రాత్రి, అప్పర్ పిసాంగ్ దగ్గర ఒక రాత్రి పడుకుని మనాంగ్ చేరండి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని డాక్టర్లు చెప్తారు. మంచు గురించి అడిగితే ఎత్తు గురించి చెప్తున్నాడేంటి అనుకోకు. ఒళ్లు ఎత్తుకు అలవాటు పడని మనిషి మంచులో ఇంకా నెమ్మదిగా నడుస్తాడు, నెమ్మదిగా నడిచేవాడికి ఇంకా చలేస్తుంది, ఆ స్థితిలో తప్పుడు నిర్ణయం తీసుకుంటాడు. తలనొప్పితో పాటు వికారం ఉంటే ఇంకా పైకి ఎక్కకూడదు. తూలుతూ నడిచినా, మాట తడబడినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా అర్ధరాత్రైనా సరే కిందికి దింపాలి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా వద్దా అన్నది బయల్దేరే ముందే మీ డాక్టర్‌ని అడుగు, సల్ఫా మందులు పడకపోతే ఆ మాట తప్పక చెప్పు. కర్పూరం పొట్లం వాసన చూస్తే ఊపిరి అందుతుందని మనవాళ్లు పట్టుకెళ్తుంటారు. దానివల్ల రక్తంలో ఆక్సిజన్ పెరగదు, దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

ఇప్పుడు బట్టలు, సామాను. జీన్స్, కాటన్ బనియన్లు, కాటన్ సాక్సులు ఇంట్లోనే వదిలేయండి. కాటన్ ఒకసారి తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఒంటికి ఆనుకుని ఉన్నివో సింథటిక్‌వో థర్మల్స్, వాటి మీద ఫ్లీస్, ఆగినప్పుడు వేసుకోవడానికి పక్షి ఈకలు కూరిన డౌన్ జాకెట్, అన్నిటి మీదా గాలీ నీళ్లూ దూరని పొర, కిందికి కూడా అలాంటిదే ప్యాంటు. డౌన్ జాకెట్, స్లీపింగ్ బ్యాగు ఖాట్మండూలో థమేల్‌లో, పోఖరాలో లేక్‌సైడ్‌లో అద్దెకు దొరుకుతాయి, కొననక్కర్లేదు. డౌన్ జాకెట్ వేసుకుని ఎక్కుడు నడవొద్దు. చెమట పడితే లోపల్నుంచి తడుస్తావు, ఆగిన ఐదు నిమిషాలకు వణుకు మొదలవుతుంది. కొంచెం చలిగా ఉండగానే నడక మొదలుపెట్టాలి.

బూట్లు మాత్రం అద్దెకూ వద్దు, అక్కడ కొననూ వద్దు. నీళ్లు దూరని, చీలమండ పైదాకా వచ్చే బూట్లు ఇప్పుడే కొని, బయల్దేరేలోపు కనీసం నెలరోజులు వాటితోనే మెట్లెక్కు. లావు సాక్సు వేసుకున్నా కాలివేళ్లు ఆడేంత జాగా ఉండాలి. బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు ముందు చల్లబడేది అక్కడే. బూట్లలోకి మంచు దూరకుండా మోకాలి కిందిదాకా గెయిటర్లు. తొక్కుడు పడి గట్టిపడిన మంచు మీద జారకుండా బూట్ల కింద తగిలించుకునే మైక్రోస్పైక్స్. మీ దారికి అవి చాలు, పర్వతారోహకుల క్రాంపాన్లు అక్కర్లేదు. కర్రలు రెండు. ముక్తినాథ్ వైపు దిగుడు దాదాపు 1,600 మీటర్లు, మంచులో మోకాళ్లకు ఆ కర్రలే ఆసరా.

ఇక్కడ ఒక పని ఇంట్లోనే చేసి చూడండి. హైదరాబాద్‌లో మంచు దొరకదు గానీ ఫ్రిజ్‌లో ఐస్ దొరుకుతుంది. ఒక గిన్నెలో ఐస్ నీళ్లు పోసి చేతులు ఒక నిమిషం ముంచి తీయండి. లైట్లు ఆర్పి, తలకు హెడ్‌ల్యాంప్ పెట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుని, బూట్లకు మైక్రోస్పైక్స్ తగిలించండి, గెయిటర్ జిప్పు పెట్టండి, బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి మూత తిప్పండి. నలుగురూ చేయండి. నేను మొదటిసారి ఆ కనుమకు వెళ్లినప్పుడు నాతో వచ్చిన మిత్రుడు ఫేదీలో తెల్లవారుజామున మూడున్నరకు బూటు లేసు ముడి విప్పలేకపోయాడు. రాత్రి తడి బూట్లు గది బయట వదిలేశాడు. లేసులు ఇనుప తీగల్లా బిగుసుకున్నాయి, సాక్సులు ఎండు చేపల్లా నిటారుగా నిలబడ్డాయి. గ్లవ్స్ తీసి గోళ్లతో లాగాడు. ఇరవై నిమిషాలు పట్టింది, ఆ ఇరవై నిమిషాలకు అతని వేళ్లు ఎవరివో అన్నట్టు మొద్దుబారిపోయాయి. ఇంకా లాడ్జి గుమ్మం కూడా దాటలేదు.

అందుకని గ్లవ్స్ రెండు రకాలు పెట్టుకో. పని చేసుకోవడానికి పల్చనివి, వాటి మీద నీళ్లు దూరని లావుపాటివి. ఒక జత ఎగిరిపోతే మరో జత ఉండాలి. సాక్సులు మూడు జతలు. అందులో ఒక జత పడుకునేటప్పుడు తప్ప తొడగనే తొడగొద్దు. బూట్లు లోపల తడిసిపోతే పొడి సాక్సు మీద బ్రెడ్డు కవరు తొడిగి బూటు వేసుకో, కాలు పొడిగా ఉంటుంది. ఆ కవర్లకు బరువేముంది, నాలుగు పెట్టుకో. రాత్రిపూట ఫోను, పవర్ బ్యాంకు, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు, నీళ్ల ఫిల్టరు నీతోపాటు స్లీపింగ్ బ్యాగులో పడుకోవాలి. ఫిల్టరు ఒక్కసారి గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు చిట్లిపోతాయి, చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ ఇక పనిచేయదు. నీళ్ల సీసాని బ్యాగులో తలకిందులుగా పెట్టు. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత వైపు నీళ్లు కదులుతూ ఉంటాయి. పైపుతో తాగే సంచులు ఆ చలికి పనికిరావు.

నల్ల కళ్లజోడు నలుగురికీ ఉండాలి, పక్కల నుంచి కూడా వెలుగు దూరనిది. కొత్తగా పడ్డ మంచు తన మీద పడే అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. మబ్బు పట్టిందని జోడు తీసేస్తే సాయంత్రానికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, రెప్ప తెరవలేరు. పోర్టర్‌తో కలిపి లెక్కేసుకుని ఒకటి ఎక్కువ పెట్టుకోండి.

పోర్టర్ అన్నాను కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను. బెసిసహర్‌లో బయల్దేరేముందు అతని కాళ్లు చూడు. మామూలు కాన్వాస్ బూట్లే ఉంటే బూట్లు, జాకెట్, గ్లవ్స్, కళ్లజోడు అద్దెకు తీసుకుని ఇప్పించు. అడిగి చూడు, ఉన్నాయని మొహమాటానికి చెప్తే చూపించమను. అతనికీ గైడ్‌కీ ఇన్సూరెన్స్ ఉందో లేదో కనుక్కో. మీ నలుగురి పాలసీలో కూడా కనుమ ఉన్న 5,416 మీటర్ల ఎత్తు కవరవుతుందా, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారా చదువు. చాలా పాలసీలు ఒక ఎత్తు దాటితే చేతులెత్తేస్తాయి. హెలికాప్టర్ ఉంది కదా అని మాత్రం ధీమా వద్దు. మంచు కురుస్తున్నంతసేపూ అది ఎగరదు.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, లాడ్జీల్లో దాల్‌భాత్ కడుపునిండా పెడతారు. కనుమ రోజుకు మాత్రం జేబులో వేరుగా ఉండాలి. పల్లీ చిక్కీ ఇక్కడే చిన్న ముక్కలు కొట్టి పట్టుకెళ్లు, ఆ చలికి పెద్ద చెక్క పళ్లతో కొరకలేవు. ఖర్జూరాలు, నువ్వులుండలు. ఆకలి లేకపోయినా గంటకోసారి నోట్లో వేసుకోవాలి. మద్యం మాత్రం కిందికి దిగేదాకా వద్దు. వెచ్చగా అనిపిస్తుంది గానీ ఒంట్లో వేడి తొందరగా పోతుంది.

కనుమ రోజు సంగతి. ఫేదీ 4,450 మీటర్లు, దాని పైన హై క్యాంపు 4,880. మామూలుగా నాలుగు, ఐదు గంటలకు చీకట్లోనే బయల్దేరతారు, ఎందుకంటే పొద్దెక్కాక కనుమ మీద గాలి లేస్తుంది. ఆ వేళకు మైనస్ పది, అంతకంటే కింద ఉండడం మామూలే. బయల్దేరాలా వద్దా అన్నది ఆ చీకట్లో తేల్చుకునే విషయం కాదు. ముందు రోజు సాయంత్రం, అన్నం తిన్నాక, నలుగురూ గైడ్‌తో కూర్చుని మాట్లాడుకుని కాగితం మీద రాసుకోండి. నేనైతే ఇలా రాసుకుంటాను. నాలుగింటికి మంచు పడుతుంటే కదలం. రాత్రి మోకాలి లోతు పడి తెరిపిచ్చినా ఆరోజు కదలం, ఎందుకంటే మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది కొత్త మంచు పడ్డాక మొదటి ఒకటి రెండు రోజుల్లోనే. ఫేదీ నుంచి హై క్యాంపుకు ఎక్కేదంతా నిటారు వాలు. దారిలో ఎదురుగా ఉన్న గుర్తు కర్ర నుంచి తర్వాతి కర్ర కనపడకపోతే వెనక్కి. పదింటికి కనుమ చేరకపోతే వెనక్కి. గైడ్ వద్దంటే వద్దు. నలుగురిలో ఎవరు వద్దన్నా నలుగురూ వెనక్కి, అతన్ని తర్వాత ఒక్క మాట కూడా అనకూడదు.

2014లో ఆ కనుమ మీద చిన్న టీ గుడిసెలో జనం కిక్కిరిసిపోయారు. ముందుకు కనపడకుండా, నడుముల్లోతు మంచులో ముక్తినాథ్ వైపు దిగబోయిన వాళ్లలో చాలామంది దారి తప్పారు, పడిపోయారు. అంతా తెల్లగా కమ్మేసినప్పుడు భూమి ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు, నీ అడుగుజాడలు నిమిషాల్లో పూడిపోతాయి. తల మీద కప్పు, నలుగురు మనుషుల వెచ్చదనం ఉన్నచోటు దొరికితే దాన్ని వదిలి అలాంటి దాంట్లోకి దిగకండి.

నడిచేటప్పుడు ఒకరినొకరు చూసుకోండి. వణుకుతూ ఉన్నాడంటే ఒళ్లు ఇంకా పోరాడుతోందని. మాట ముద్దగా వస్తున్నా, ఊరికే విసుక్కుంటున్నా, తన జాకెట్ జిప్పు తను పెట్టుకోలేకపోయినా వెంటనే గాలి తగలని చోట ఆపి, తడి బట్టలు మార్చి, ఉన్నవన్నీ కప్పి, మింగగలిగితే వేడిగా తీపిగా ఏదైనా తాగించాలి. వణుకు ఆగిపోయి, వేడిగా ఉందంటూ జాకెట్ విప్పబోతే ప్రాణం మీదికి వచ్చినట్టే, చేతులు పట్టుకుని ఆపాలి. వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే మంచుతో రుద్దకూడదు, మంటకు పెట్టకూడదు. చంకలో పెట్టుకుని కిందికి దిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

నా మిత్రుడి కథ పూర్తి చేయలేదు. లేసు విప్పుకుని, టీ తాగి, లాడ్జి తలుపు తీశాం. తలుపుకు ఆనుకుని పేరుకున్న మంచు గడప మీంచి లోపలికి, మా బూట్ల మీదికి జారింది. హెడ్‌ల్యాంప్ వెలుగులో తెల్లటి చుక్కలు తప్ప చేయి చాపినంత దూరం కూడా కనపడలేదు. పోఖరా నుంచి మాకూ బస్సు బుక్కయి ఉంది. అతను వెళ్దామన్నాడు, నేనూ సగం ఒప్పుకున్నాను. లాడ్జి నడిపే ఆవిడ పిండి కలుపుతూ మా వైపు చూసి, ఏం మాట్లాడకుండా వచ్చి తలుపు మూసేసి, ఇంకో రెండు టీలు పెట్టింది. రెండు రాత్రులు అక్కడే ఉండి, దారి పడ్డాక కిందికి దిగి మనాంగ్ వచ్చేశాం. కనుమ ఆ ఏడాది చూడలేదు.

ముక్తినాథ్ మాత్రం చూశాం. ఇది మీకూ పనికొస్తుంది. పోఖరా నుంచి జోమ్‌సోమ్ మీదుగా ముక్తినాథ్‌కి రోడ్డుంది. మన వైపు నుంచి పెద్దవాళ్లు దివ్యదేశ యాత్రకు సాలగ్రామ క్షేత్రమని ఆ రోడ్డు మీదే వస్తారు. కనుమ మూసుకుపోతే వెనక్కి దిగి, బెసిసహర్ నుంచి పోఖరా చేరి, ఆ దారిలో ముక్తినాథ్ వెళ్లి రావచ్చు. ఖాళీ రోజులు పెట్టుకోమన్నది దీనికి కూడా.

ఇక అమ్మగారికి నచ్చజెప్పడం. ఆవిడ దగ్గర కూర్చుని ఈ ప్లాన్ మొత్తం చెప్పు, ఏ రాత్రి ఏ ఊరో రాసివ్వు, గైడ్ నంబరు ఇవ్వు. బంగాళాఖాతంలో ఏమైనా కనిపిస్తే మనాంగ్‌లో ఆగిపోతామని, నువ్వు చూడకపోయినా ఆవిడ టీవీలో చూసి మెసేజ్ పెట్టమని చెప్పు. హుద్‌హుద్ చూసినావిడ, నీకంటే శ్రద్ధగా చూస్తారు. ఫేదీ పైన సిగ్నల్ నమ్ముకోలేమని, రెండు మూడు రోజులు ఫోను రాకపోవచ్చని ముందే చెప్పు. ఇంటికి వచ్చే రోజు ఏదని అడిగితే మాత్రం తొమ్మిదో రోజు తేదీ చెప్పకు, పదమూడో రోజు తేదీ చెప్పు.